ఊరు - వాడ: భూగోళ పాఠంలో లేని దూరం

వాడలో మనిషిని ఎక్కడికి పోతున్నావని అడిగితే "ఊళ్లోకి పోయొస్తా" అంటాడు. రేషన్ కార్డు మీద ఊరి పేరు అదే. ఓటర్ల జాబితాలోనూ అదే. మరి ఆ ఊరివాడే ఆ ఊళ్లోకి పోయి రావడమేంటి? ఊళ్లో ఆసామి కూలీల కోసం ఇటొచ్చేటప్పుడు "పల్లెలోకి పోతున్నా" అంటాడు. మామూలుగా నోట్లో దొర్లే ఈ రెండు మాటలు మన నేల చరిత్రను పట్టిస్తాయి. భూగోళ పాఠం మాత్రం వీటిని వినదు.

మానవ భూగోళశాస్త్రం చదవబోయే పిల్లలకు మొదట కొన్ని మూల భావనలు చెప్తారు. స్థానం, స్థలం, దూరం, స్కేలు, వలస, సాంస్కృతిక భూదృశ్యం. స్థానం అంటే పటం మీద ఎక్కడుందో చెప్పే గుర్తు. అది అక్షాంశ రేఖాంశాలతో తేలిపోతుంది. స్థలం అంటే మనుషులు బతికి, పేరు పెట్టి, అర్థం ఇచ్చుకున్న చోటు. ఊరు ఇక్కడే ఎందుకు పుట్టిందంటే నీటివసతి, సారవంతమైన నేల, మెరక, బండిదారి అని కారణాలు చూపిస్తారు. కాదనం. అయితే ఊరు ఇక్కడెందుకుందో చెప్పే ఈ కారణాలు, వాడ ఊరి బయట ఎందుకుందో చెప్పవు. అదే చెరువు, అదే నేల, అదే వాన. నేల విడదీయని మనుషుల్ని విడదీసిందెవరు?

1925లో అమెరికా భూగోళవేత్త కార్ల్ సావర్ భూదృశ్యం గురించి ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ప్రకృతి ఇచ్చిన నేల మీద ఒక జనసమూహపు సంస్కృతి పనిచేయగా ఏర్పడేదే సాంస్కృతిక భూదృశ్యమని అందులో వాదించాడు. మంచి మాటే. కానీ ఎవరి సంస్కృతి? ఎవరి చేతులు? మన దగ్గర చెరువుకట్టకు మట్టి తట్టలు మోసిన చేతులు ఒకరివి, ఆ చెరువులో బిందె ముంచే హక్కు మరొకరిది. సంస్కృతి అని ఒక్క ముద్దగా చెప్తే ఈ తేడా కనబడకుండా పోతుంది. మన భూదృశ్యాన్ని గీసిన చెయ్యి కులం.

దూరం సంగతీ అంతే. ఊరికీ వాడకూ మధ్య చాలాచోట్ల కేక వినబడేంత దూరమే. తెల్లారుజామున నాట్లకు, కోతలకు పిలవాలంటే ఆ కేక చాలు. పశువు చచ్చినా కబురు క్షణంలో అందుతుంది. మంచినీళ్ల బావి దగ్గరకొచ్చేసరికి, గుడి దగ్గరకొచ్చేసరికి అదే దూరం దాటరానిదైపోతుంది. కాబట్టి ఇది గజాల్లో కొలిచేది కాదు. చాకిరీకి దగ్గర, నీళ్లకు దూరం. 1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. కాగితం మీద దూరం పోయింది. నేల మీద పోలేదు.

ఇక స్కేలు. జిల్లా పటంలో ఊరు ఒక చుక్క. ఆ చుక్కలో వాడ కలిసిపోతుంది, అంటే మాయమవుతుంది. రెవెన్యూ లెక్కల్లో ఊరి ఇళ్లున్న జాగాను గ్రామకంఠం అంటారు. వాడ చాలాచోట్ల ఆ కంఠానికి ఆవలే, ఏ పోరంబోకులోనో తర్వాతెప్పుడో ఇచ్చిన ఇళ్లపట్టాల్లోనో ఉంటుంది. "ఊరంతా ఒక్కటే" అనే కబుర్లకు పటం మీది చుక్కే ఆధారం. 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో బాబాసాహెబ్ అంబేద్కర్ ఊరిని పొగిడేవాళ్లను నిలదీశారు. ముసాయిదా రాజ్యాంగం ఊరిని కాక వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషించారు. ఆయన ఆ చుక్కను పెద్దది చేసి చూశారు.

పేర్లూ చరిత్రే. మాలపల్లె, మాదిగపల్లె, మాదిగగూడెం ఊరి నోట వచ్చిన పేర్లు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ 'పంచమ' అనే పేరును కాదని, మేం ఆది ఆంధ్రులం అని ప్రకటించింది. 'ఆది' అంటే ఈ నేల మీద మొదట ఉన్నది మేమే అని. అదీ ఒక భూగోళ వాదనే. గాంధీ ప్రచారంతో 1930ల నుంచి హరిజనవాడలు వచ్చాయి. ఇవాళ బోర్డుల మీద అంబేద్కర్ నగర్, అరుంధతి నగర్ కనబడతాయి. బోర్డు మారినంత తేలిగ్గా జాగా మారలేదు. అయినా తన చోటుకు తానే పేరు పెట్టుకోవడం హక్కు చెప్పుకోవడమే.

ఈ భావనలన్నీ నెత్తురోడిన చోటు కారంచేడు, అప్పటి ప్రకాశం జిల్లా. 1985 జులైలో మాదిగలు మంచినీళ్లు తోడుకునే చెరువును అగ్రకుల యువకులు గేదెల మురికితో పాడుచేశారు. అదేంటని అడిగినందుకు, కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తినందుకు, జులై 17న కమ్మ భూస్వాములు పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. బతికినవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ ఊరికి మళ్లీ పోము అన్నారు. వలసకు తోసే కారణాలు, లాగే కారణాలు అని పాఠంలో రెండు చెప్తారు. వీళ్లను తోసింది గొడ్డళ్లు. కానీ వెనక్కి పోకపోవడం వీళ్ల సొంత నిర్ణయం. చీరాలలో విజయనగర్ కాలనీ వెలిసింది. ఆ పోరాటం నుంచే దళిత మహాసభ పుట్టింది.

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. అక్కడివాళ్లు మరో దారి పట్టారు. చచ్చిపోయినవాళ్లను ఊళ్లోనే పాతిపెట్టి, ఆ చోటును రక్తక్షేత్రం అన్నారు. విచారణ కూడా మా ఊళ్లోనే జరగాలని పట్టుబట్టి ప్రత్యేక కోర్టును అక్కడికే రప్పించారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నిందితులందర్నీ వదిలేసింది. తీర్పు పోయింది గానీ రక్తక్షేత్రం పోలేదు. ఒక చోట ఊరిని వదిలారు, ఇంకో చోట ఊళ్లోనే పాతుకున్నారు. రెండుచోట్లా పటాన్ని తిరగరాసింది వాడే.

బళ్లో పిల్లలకు "మీ ఊరి పటం గీయండి" అని పని ఇస్తారు. గుడి, బడి, చెరువు గీస్తారు, మార్కులు పడతాయి. ఇకమీదట ఇంకో నాలుగు గుర్తులు పెట్టమందాం. ఎవరి బావి ఎక్కడ, ఎవరి శ్మశానానికి దారి ఉంది, ఎవరి పొలంలో ఎవరు కూలి, వాడ నుంచి నీళ్లకు ఎన్ని అడుగులు. ఆ పటం వాడ పిల్ల గీస్తే ఒకలా, ఊరి పిల్లాడు గీస్తే ఒకలా వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి ఈ తేడా ఎందుకని అడిగిన రోజే ఆ క్లాసులో మానవ భూగోళశాస్త్రం మొదలైనట్టు.