ఎయిడ్స్ స్మారక బొంత - డిజిటీకరణ

ఎయిడ్స్ స్మారక బొంత అమెరికా సంయుక్త రాష్ట్రాలలో రూపొందిన ఒక సామూహిక వస్త్ర కళాఖండం. ఎయిడ్స్ వ్యాధితో మరణించినవారి జ్ఞాపకార్థం వారి బంధుమిత్రులు కుట్టిన గుడ్డ ప్యానెళ్ళను కలిపి దీనిని తయారుచేశారు. తెలుగునాట పాత చీరలను, గుడ్డముక్కలను కలిపి కుట్టే బొంత వంటిదే ఇది. దీనిలో సుమారు 50,000 ప్యానెళ్ళు, 1,10,000కు పైగా పేర్లు ఉన్నవి. బరువు దాదాపు 54 టన్నులు. ఇంతటి బొంతను ఒకేచోట పరచి చూపడం కష్టసాధ్యం కావడంతో, దాని ఛాయాచిత్రాలతో ఏర్పడిన అంతర్జాల ప్రదర్శనకు ప్రాముఖ్యం కలిగినది.

చరిత్ర

1978లో హత్యకు గురైన శాన్ ఫ్రాన్సిస్కో మేయరు జార్జి మోస్కోనీ, నగర పాలక మండలి సభ్యుడు హార్వే మిల్క్‌ల స్మృతిలో ఆ నగరంలో ఏటా కొవ్వొత్తుల ఊరేగింపు జరిగేది. 1985 నవంబరు నాటి ఊరేగింపులో, ఎయిడ్స్‌తో మరణించిన తమవారి పేర్లను అట్టలపై వ్రాయమని క్లీవ్ జోన్స్ అనే సామాజిక కార్యకర్త కోరాడు. ఆ అట్టలను ప్రభుత్వ భవనం గోడకు అంటించగా, ఆ దృశ్యం అతుకుల బొంతను తలపించినది. ఈ ఆలోచనతో 1987లో నేమ్స్ ప్రాజెక్టు అనే సంస్థ ఏర్పడినది. అదే సంవత్సరం అక్టోబరు 11న వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్ మైదానంలో 1,920 ప్యానెళ్ళతో మొదటి ప్రదర్శన జరిగినది.

నిర్మాణం

ఒక్కొక్క ప్యానెల్ 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు ఉంటుంది. ఇది ఇంచుమించు ఒక సమాధి పరిమాణం. సాధారణంగా 8 ప్యానెళ్ళను కలిపి 12 అడుగుల చదరపు బ్లాకుగా కుడతారు. ప్రతి బ్లాకుకు ఒక సంఖ్య ఉంటుంది. మృతులు ధరించిన దుస్తులు, బొమ్మలు, ఫొటోలు, లేఖలు కూడా ప్యానెళ్ళలో కుట్టబడినవి. నాటి సమాజంలోని వివక్షకు వెరచి కొందరు తమవారి పూర్తి పేరు వ్రాయక, మొదటి పేరుతోనో పొడి అక్షరాలతోనో సరిపెట్టారు.

డిజిటీకరణ అవసరం

బొంతను మొత్తంగా ఒకేసారి చివరిగా ప్రదర్శించినది 1996 అక్టోబరులో. నాడది నేషనల్ మాల్‌ను ఆసాంతం కప్పివేసినది. 2012లో వాషింగ్టన్‌లో తిరిగి ప్రదర్శించినపుడు స్థలం చాలక, భాగాలను రోజుకు కొన్ని చొప్పున మార్చి మార్చి పరచవలసి వచ్చినది. 50,000 ప్యానెళ్ళ వైశాల్యమే 9 లక్షల చదరపు అడుగులు, అనగా 20 ఎకరాలకు పైమాట. నడకదారులు దీనికి అదనం. పైగా వస్త్రానికి వెలుతురు, తేమ, పదేపదే మడతపెట్టడం హాని చేస్తాయి.

విధానం

ఫొటో తీయడానికి బ్లాకును ప్రమాణంగా తీసుకున్నారు. బ్లాకు చిత్రానికి దాని సంఖ్యను, అందులోని పేర్లను జతచేసినందున, పేరుతో గాని సంఖ్యతో గాని వెదకవచ్చును. చిత్రాలన్నిటినీ పక్కపక్కన అమర్చి, దూరం నుండి మొత్తం బొంతను, దగ్గరగా ఒక్కొక్క ప్యానెల్‌ను చూసే ఏర్పాటు 2012లో జరిగినది. 2020లో కోవిడ్ వలన బహిరంగ ప్రదర్శనలు నిలిచిపోగా, నేషనల్ ఎయిడ్స్ మెమోరియల్ సంస్థ మొత్తం బొంతను అంతర్జాలంలో ప్రజల ముందుంచినది.

2001 నుండి అట్లాంటాలో ఉన్న బొంత 2020లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతానికి తిరిగి చేరినది. ప్యానెళ్ళతోపాటు కుటుంబాలు పంపిన లేఖలు, ఫొటోలు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అప్పగించబడినవి. ఈ విధంగా వస్త్రం పశ్చిమ తీరాన, దాని వెనుకనున్న కథలు తూర్పు తీరాన ఉన్నందున, రెండింటినీ డిజిటీకరించడం పరిశోధకులకు ఎంతో అవసరమైనది.

పరిమితులు

ఛాయాచిత్రం రంగును, అక్షరాన్ని చూపగలదు గాని గుడ్డ మందాన్ని, కుట్టు ఎత్తుపల్లాలను పూర్తిగా చూపలేదు. వెలుతురు సమంగా పడితే కుట్ల నీడలు మాసిపోతాయి. ఏటవాలుగా పడితే తళుకులు మెరిసి పేర్లు కనబడవు. తెరపై చిన్నదిగా కనిపించే ప్యానెల్ మనిషి నిలువెత్తుదన్న సంగతి చూపరికి స్ఫురించదు.

పేరు ఆధారంగా సాగే వెదకులాటకు మరొక లోపం ఉన్నది. పూర్తి పేరు లేని ప్యానెల్ అలా వెదికితే సులభంగా దొరకదు. దానిని చేరడానికి బ్లాకు సంఖ్య తెలియాలి, లేదా బొంతనంతా ఓపికగా చూడాలి. వివక్షకు వెరచి నాడు దాచిన పేరు ఈనాటికీ మరుగుననే ఉండిపోతున్నది. అయినప్పటికీ ఆ ప్యానెల్ చిత్రం కూడా తన బ్లాకులో తన స్థానంలోనే, పేరున్నవారి సరసన, అంతే పరిమాణంలో కనిపిస్తుంది.