బైకు కడగడానికి ఏది వాడాలి?

బైకులో రంగు వేసిన ట్యాంకు, అల్యూమినియం ఇంజిన్, రబ్బరు, ఉక్కు పక్కపక్కనే ఉంటాయి. ఒకదానికి మేలు చేసేది మరోదానికి చేటు కావచ్చు. అందుకే అన్నిటికీ ఒకే సబ్బు సరిపోదు.

రంగు: బట్టల సబ్బు పొడిలో సాధారణంగా వాషింగ్ సోడా ఉంటుంది. ఆ క్షారం రంగు మీది మైనపు పొరను తీసేస్తుంది, అల్యూమినియం మెరుపునూ తగ్గిస్తుంది. పీహెచ్ 7కు దగ్గరగా ఉండే వాహనాల షాంపూ మేలు. ముందుగా నీళ్లు కొట్టి ఇసుక వదిలించాలి. లేకపోతే గుడ్డలో చిక్కిన రేణువులే గీతలు పెడతాయి. మ్యాట్ రంగుకు మైనం, పాలిష్ వాడితే మచ్చల్లా మెరుస్తుంది.

చైన్: ఓ-రింగ్ చైన్‌ను పెట్రోలుతో కడిగితే లోపలి గ్రీజును కాపాడే రబ్బరు రింగులు దెబ్బతింటాయి. నిప్పు ప్రమాదం కూడా ఉంది. కిరోసిన్ లేదా చైన్ క్లీనర్, మెత్తని బ్రష్ చాలు. ఆరాక చైన్ లూబ్ గానీ, ఎస్‌ఏఈ 90 గేర్ ఆయిల్ గానీ పట్టించాలి.

బ్రేకులు, టైర్లు: ఇక్కడ పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. పాలిష్, నూనె స్ప్రే డిస్క్ మీద పడితే బ్రేకు సరిగా పట్టదు. డిస్క్‌ను బ్రేక్ క్లీనర్‌తో లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. నూనె పీల్చిన ప్యాడ్‌లను మార్చేయాలి. టైరు రోడ్డును తాకే భాగానికి మెరుపు ద్రవం రాస్తే మలుపుల్లో బండి జారుతుంది.

కడిగిన వెంటనే తడి డిస్క్‌కు పట్టు తక్కువ. నెమ్మదిగా నడుపుతూ రెండు మూడుసార్లు బ్రేకు వేసి చూశాకే వేగం పెంచాలి.