నాణెం రెండో ముఖం

పెర్త్ టంకశాల 1899లో బ్రిటిష్ రాజ్యపు టంకశాలకు శాఖగా వెలసింది. ఈ శతాబ్దిలో అదే టంకశాల ఆస్ట్రేలియా ఆదివాసుల చిత్రశైలిలో కంగారూ వంటి జంతువులను వెండి నాణేల మీద అచ్చొత్తి అమ్మింది. నాణెం మీద వేసిన విలువ ఒక డాలరు. అందులోని వెండి ఖరీదే దానికి ఎన్నో రెట్లు. కనుక అది బజారులో చెలామణి కాదు, సేకరించేవారి పెట్టెల్లో దాగివుంటుంది.

ఈ వెండికీ ఈ బొమ్మకూ చరిత్ర వున్నది. 1883లో విల్యకాలి తెగవారి నేల అయిన బ్రోకెన్ హిల్ వద్ద వెండి ఖనిజం బయటపడింది. గనులు కంపెనీపరమైనాయి, లాభాలు వాటాదారులవైనాయి. నేల పోయిన తరువాత బొమ్మ వంతు వచ్చింది.

1966లో వెలువడిన ఒక డాలరు నోటు మీద, ఆర్నెమ్ లాండ్ చిత్రకారుడు డేవిడ్ మలంగి చెట్టుపట్టపై గీసిన చిత్రాన్ని వాడుకున్నారు. గుర్మిరింగు అనే ఆదిమ వేటగాడి అంత్యక్రియలు అందులోని ఇతివృత్తం. ఆయన తెగకది పవిత్రగాథ. ఆయనను ఎవరూ అడగలేదు. ఆదివాసి కళకు కర్త వుండడన్న అహంకారమే దీనికి మూలం. సంగతి బయటపడ్డాక రిజర్వు బ్యాంకు 1,000 డాలర్లు, ఒక పతకం, చేపలు పట్టే సామగ్రి ఇచ్చి సరిపెట్టింది.

నేడు వెండి నాణేలకు ఆదివాసి చిత్రకారులే బొమ్మలు గీస్తున్నారు. వారి పేర్లు ప్రకటిస్తున్నారు. ఇది ముందడుగే. కాని పేరు దక్కినంతలో నేల దక్కదు. వారి భూమిహక్కును ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం అంగీకరించడానికి 1992 దాకా, మాబో తీర్పు దాకా పట్టింది. నాణెం రెండో ముఖాన నేటికీ వున్నది రాజు తలే. ఆ ముఖాన్ని కూడా తిప్పి చూపడం చరిత్ర విద్యార్థి పని.