చలికి పోయిన కరివేపాకు, మల్లె, మునగ: మళ్ళీ పెంచుకోవడం ఎలా?

టెక్సాస్ లో ఇల్లు కొనుక్కున్న తెలుగువారు పెరట్లో ముందుగా పెట్టేవి కరివేపాకు, మల్లె, మునగ. 2021 ఫిబ్రవరి 16న డల్లాస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 2 డిగ్రీలకు, హ్యూస్టన్ లో 13 డిగ్రీలకు పడిపోయింది (ఈ వ్యాసంలోవన్నీ ఫారెన్‌హీట్ డిగ్రీలే). మా డల్లాస్ పెరట్లో నేలలో ఉన్న మల్లె పోయింది, గరాజ్ లోకి చేర్చిన కుండీ కరివేపాకు బతికింది. అప్పటినుంచి ప్రతి వసంతంలోనూ మిత్రులు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట చేర్చాను.

మొక్క నిజంగా పోయిందా?
ఆకు నల్లబడగానే పీకేయకండి. కొమ్మ మీద గోటితో గీకి చూడండి. బెరడు కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి గీకి చూడండి. కరివేపాకు, మునగ, అరటి ఒక్కోసారి వేరు నుంచి మళ్ళీ లేస్తాయి. మే నెలాఖరు దాకా ఆగడం మంచిది. అంటు మామిడి, అంటు నిమ్మలకు మాత్రం అంటు కింది నుంచి చిగురు వస్తే అది మీరు కొన్న రకం కాదని గుర్తుంచుకోండి.

కరివేపాకు ఎక్కడినుంచి తేవాలి?
నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులు 2005లో ఫ్లోరిడాలో, 2012లో టెక్సాస్ లో బయటపడింది. దాన్ని మోసే చిన్న పురుగుకు కరివేపాకు చాలా ఇష్టం. అందుకే కరివేపాకు మొక్కలను క్వారంటైన్ ప్రాంతాలనుంచి బయటికి తరలించడంపై కట్టడి ఉంది. ఇండియానుంచి సూట్‌కేసులో మొక్క తేవడం నిషిద్ధం. వేరే రాష్ట్రంలోని బంధువుల ఇంటినుంచి పిలక కారులో వేసుకురావడం కూడా వద్దు. మీ ప్రాంతంలోనే లైసెన్సు ఉన్న నర్సరీలో కొనండి. మీ వీధిలో ఎవరి చెట్టుకైనా పళ్ళు ఉంటే గుజ్జు కడిగేసి గింజలు వెంటనే నాటండి. ఎండబెట్టి దాచిన గింజలు సరిగా మొలవవు.

మిగతావాటి సంగతి
మునగకు గింజ చాలు. నేల వేడెక్కాక నాటితే ఒక్క వేసవిలోనే మనిషి ఎత్తు దాటుతుంది. కాయ దక్కకపోయినా పప్పులోకి ఆకు దొరుకుతుంది. మల్లెను కుండీలోనే పెట్టండి. వసంతంలో కత్తిరిస్తే కొత్త కొమ్మలకు పూలొస్తాయి. 'స్టార్ జాస్మిన్' అని అమ్మే తీగ చలికి బాగా తట్టుకుంటుంది, మంచి వాసన కూడా. కానీ అది మల్లె కాదు, గన్నేరు కుటుంబానిది. మందార కావాలంటే 'హార్డీ' రకం అడగండి. దాని పైభాగం చలికి ఎండిపోయినా వసంతంలో నేలలోంచి మళ్ళీ వస్తుంది.

ఎప్పుడు నాటాలి?
డల్లాస్ లో చివరి మంచు సాధారణంగా మార్చి మధ్యలో పడుతుంది. నేనైతే ఏప్రిల్ దాకా ఆగుతాను. నర్సరీ చీటీ మీద ఉండే జోన్ నంబరు కూడా చూడండి. అమెరికా వ్యవసాయ శాఖ 2023లో సవరించిన పటం 1991 నుంచి 2020 వరకు లెక్కలతో తయారైంది. ఏటా నమోదయ్యే అతి తక్కువ ఉష్ణోగ్రతల సగటునే అది చూపిస్తుంది. 2021 చలి అందులో లేదు. కాబట్టి జోన్ సరిపోయినంత మాత్రాన మొక్కకు హామీ ఉన్నట్టు కాదు.

వచ్చే చలికాలానికి
రాత్రి ఉష్ణోగ్రత 45కు దిగితే కుండీలు లోపలికి చేర్చండి. లోపల కరివేపాకు ఆకు రాల్చి నిద్రపోతుంది. అప్పుడు నీళ్ళు ఎక్కువైతే వేరు కుళ్ళుతుంది. మట్టి పైన రెండంగుళాలు ఆరాకే పోయండి. నేలలో ఉన్నవాటికి మొదట్లో ఎండుటాకులు మందంగా పరచి, దుప్పటి నేలదాకా కప్పండి, పగలు తీసేయండి. అన్నిటికన్నా ముఖ్యం, ఒకే మొక్క మీద ఆశ పెట్టుకోవద్దు. ఒకటి నేలలో, ఒకటి కుండీలో పెంచి, వచ్చిన పిలకలు పక్కింటివారికీ ఇవ్వండి. మీది పోయిన ఏడు వారి పెరట్లోదే మీకు విత్తనమవుతుంది.