ఆంబోతు ఎంపిక: కంటికి కనిపించేదీ, నెత్తుటిలో దాగేదీ

టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్‌లో 1932లో మొదలైన పశుప్రదర్శన ఒకటి ఏటా వసంతారంభంలో జరుగుతుంది. ఒంగోలు ప్రాంతంలో పుట్టినవాణ్ణి కనుక, పశువులు ఉన్నాయంటే నా కాళ్లు అటే లాగుతాయి. ఒక ఏడాది అక్కడ పదమూడు పధ్నాలుగేళ్ల కుర్రవాడు ఒక కోడెకు వెంట్రుకలు దువ్వి, వేడిగాలి యంత్రంతో ఆరబెడుతూ కనిపించాడు. విత్తుకొట్టిన కోడె అది. ప్రదర్శన ముగిశాక వేలానికీ, అక్కడినుంచి కబేళాకూ పోతుంది. వాళ్ల నాన్నను పలకరించి, దాని పుట్టుక గురించి అడిగాను. "తల్లి మా ఆవే, బ్రాహ్మన్ సంకరం. తండ్రిని మేమెన్నడూ చూడలేదు, గొట్టంలో వచ్చాడు" అన్నాడాయన నవ్వుతూ.

ఆ మాట నన్ను చాలాకాలం వదలలేదు. అమెరికా బ్రాహ్మన్ జాతికి మూలమైన భారతీయ పశువులు మొత్తం మూడు వందలు కూడా లేవు. వాటిలో గుజరాత్, గిర్, కృష్ణాలోయ జాతులతో పాటు నెల్లూరు జాతీ ఉంది. నెల్లూరు అనేది మన ఒంగోలు జాతికి విదేశాలలో స్థిరపడిన పేరు. అంటే ఆ కోడె తల్లి ఒంట్లో మా ఊరి నెత్తురు బొట్టంతైనా ఉండే అవకాశం ఉంది. ఆ బంధుత్వం సరే. చూడని తండ్రిని వాళ్లు ఎలా ఎంచుకున్నారు? ఈ ప్రశ్న వెంట పడి చదివినవన్నీ కూడగట్టి రాస్తున్నాను. ఈ పశువులను పెంచేది మాంసం కోసమని తెలిసి కొందరు చదువరులకు మనసు నొచ్చవచ్చు. చరిత్ర అలా ఉంది కనుక దాచలేను.

మన పల్లెల్లో అచ్చుబోసిన ఆంబోతు అనే మాటను ఇప్పుడు తిట్టుగానే వాడుతున్నాం. ఒకప్పుడు అదొక వ్యవస్థ. పెద్దల పేరిట దేవుడికి వదిలే కోడెదూడను ఊరి పెద్దలు చూసి ఒప్పుకోవాలి. ముద్ర వేశాక అది ఎవరి చేలో మేసినా ఎవరూ కొట్టరు. ఊరి ఆవులకు అదే తండ్రి. ఆ ఎంపికలో పైకి కనిపించని సుగుణం ఒకటుంది. ఆంబోతూ, దాని దూడలూ ఊరందరి కళ్లముందే తిరుగుతాయి. అవిటిదూడ పుడితే మర్నాటికి ఊరంతా తెలిసిపోతుంది.

ఇంగ్లండులో ఇటువంటి పరీక్షనే వ్యాపారంగా మలచినవాడు లీస్టర్‌షైర్‌కు చెందిన రాబర్ట్ బేక్‌వెల్ (1725-1795). ఆయన పొట్టేళ్లను అమ్మకుండా ఒక్కొక్క రుతువుకు అద్దెకిచ్చేవాడు. పిల్లలు ఎలా పుట్టాయో ఇతరుల మందల్లో చూసుకుని, మంచి పిల్లలనిచ్చిన పొట్టేలును తిరిగి తన మందకు వాడుకునేవాడు. బిడ్డను చూసి తండ్రిని ఎంచడమన్నమాట. దగ్గరి రక్తసంబంధంలోనే దాటించి గుణాలను స్థిరపరచడం ఆయన రెండో పద్ధతి.

ఆ రెండో పద్ధతిని డరమ్ ప్రాంతపు కాలింగ్ సోదరులు చివరిదాకా తీసుకుపోయారు. 1804లో పుట్టిన కామెట్ అనే వారి షార్ట్‌హార్న్ ఆంబోతు 1810 నాటి వేలంలో వెయ్యి గినీలకు అమ్ముడుపోయింది. అంత ధర పలికిన మొదటి ఆంబోతు అదే. దాని వంశవృక్షం చూస్తే కళ్లు తిరుగుతాయి. తండ్రి ఫేవరిట్. తల్లి యంగ్ ఫీనిక్స్. ఆ తల్లికీ తండ్రి ఫేవరిట్టే. ఆమెను కన్న ఫీనిక్స్, ఫేవరిట్‌కు సాక్షాత్తూ కన్నతల్లి! అదే ఫేవరిట్‌కు 1796లో పుట్టిన డరమ్ ఎద్దును బండిలో ఎక్కించి ఏళ్ల తరబడి బ్రిటన్ అంతా తిప్పి, డబ్బు తీసుకుని చూపించారు. ఆ ఎద్దు విత్తుకొట్టినది, సంతానం లేదు. అయినా దాన్ని చూసిన ప్రతివాడూ దాన్ని కన్న మందను తలచుకున్నాడు. ప్రదర్శనకోడె తండ్రికి నడిచే ప్రకటన కావడం అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది.

అమెరికాలో ఆ ప్రకటనకు పెద్ద వేదిక షికాగో. 1900లో ప్రారంభమైన ఇంటర్నేషనల్ పశుప్రదర్శన 1975 వరకు సాగింది. అక్కడ గెలిచిన కోడె ఏ మూసలో ఉంటే దేశమంతా ఆ మూసకు పరుగెత్తేది. 1930లు, 40లలో ఆ మూస పొట్టిదైపోయింది. కురచకాళ్లు, వెడల్పు ముఖం, నేలకు అంగుళాలలో ఆనుకున్నట్టున్న నిండు ఒళ్లు. 1950 నాటికి మనిషి నడుముపట్టీ దాటని ఆంబోతులు బహుమతులు గెలుచుకున్నాయి.

అప్పుడే హెర్‌ఫర్డ్, ఆంగస్ మందలలో మరుగుజ్జు దూడలు పుట్టసాగాయి. ఉబ్బిన నుదురు, నొక్కుకుపోయిన ముక్కు, బానపొట్ట, ఊపిరి తీస్తే గురక. అధికభాగం ఎదగకముందే చనిపోయేవి. కారణం ఒక అంతర్గత జన్యువు. ఒక్క ప్రతి ఉన్న పశువు వాహకం మాత్రమే, దానికి ఏ రోగమూ లేదు. రెండు వాహకాలు కలిస్తే నాలుగు దూడలకు సగటున ఒకటి మరుగుజ్జు. వాహకమైన పశువు కాస్త పొట్టిగా, మరింత నిండుగా కనబడుతుందనీ, ఆనాటి న్యాయనిర్ణేతల కన్ను తెలియకుండానే వాహకాలను ఏరుకున్నదనీ అప్పటి పరిశోధకులు కొందరు భావించారు. పతకం ఏ రూపానికి వేశారో ఆ రూపంలోనే జబ్బు దాగి ఉందన్నమాట.

జన్యుపరీక్షలు లేని ఆ రోజుల్లో ఆంబోతు శుద్ధమైనదో కాదో తేల్చడానికి మార్గం లెక్కే. వాహకాలని తేలిన ఆవులతో దాటిస్తే, ఒక్క మరుగుజ్జూ లేకుండా వరుసగా 16 దూడలు పుట్టాలి. అప్పుడే ఆ ఆంబోతు వాహకం కాదనడంలో నూటికి 99 పాళ్ల నమ్మకం. దాని సొంత కూతుళ్లతోనే పరీక్షిస్తే 35 దూడలు కావాలి. ఇంత ఓపిక ఎందరికుంటుంది? వంశవృక్షంలో అనుమానపు పేరు కనిపిస్తే చాలు, మంచి ఆవులను కూడా కబేళాకు తోలేశారు. రోగం నెమ్మదించింది గానీ దానితోపాటు ఏ దోషమూ లేని పశువులెన్నో పోయాయి.

1969లో షికాగోలో మలుపు వచ్చింది. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన డాన్ గుడ్ న్యాయనిర్ణేతగా, కొనోకో అనే కోడెకు అగ్రబహుమతి ఇచ్చారు. షరోలే, ఆంగస్ జాతుల సంకరం అది. ఆ ప్రదర్శనలో శుద్ధజాతులను కాదని ఒక సంకరకోడె మొదటి స్థానానికి రావడం అదే ప్రథమం. పొడవైన, కండగల, కొవ్వు తక్కువైన పశువు కావాలని దేశం ఒక్కసారిగా తెలుసుకుంది. ఐరోపా జాతుల రాకకు దారి అప్పటికే పడింది. ఫ్రాన్సు పశువుల కోసం కెనడా 1965లో గ్రోస్ దీవిలో క్వారంటైన్ కేంద్రం తెరిచింది. 1967లో పారిజియన్ అనే సిమెంటాల్ ఆంబోతు కెనడాలో అడుగుపెట్టింది. మెయిన్-ఆంజూ, కియానినా జాతులూ ఆ వెనుకే వచ్చాయి. వీర్యాన్ని గ్లిసరాల్‌తో గడ్డకట్టించి నిలవ ఉంచవచ్చని ఇంగ్లండు శాస్త్రజ్ఞులు 1949లో కనిపెట్టి ఉన్నారు కనుక, ఆంబోతు కదలనక్కరలేదు. ద్రవ నత్రజనిలో మునిగిన సన్నటి గొట్టం చాలు.

సంకరజాతి ఆవుల యజమానికి ఇది పెద్ద వరం. ప్రదర్శనదూడల కోసమే ప్రత్యేకంగా ఆంబోతులను పెంచే వృత్తి ఒకటి పుట్టుకొచ్చింది. పాత పొరపాటు మాత్రం దిశ మార్చుకుంది. పొట్టితనం మీది మోజు పోయి ఎత్తు మీది మోజు వచ్చింది. పెద్దజాతి ఆంబోతును చిన్నఆవు మీద వాడితే దూడ కటికట్లో ఇరుక్కుంటుంది. తొలిచూలు పెయ్యల బాధ చెప్పనక్కరలేదు. దూడను తాళ్లతో లాగడం, కోతకాన్పు చేయించడం, ఒక్కోసారి తల్లినీ బిడ్డనూ పోగొట్టుకోవడం. పతకం ఎంపికచేసినవాడిది, నొప్పి ఆవుది.

ఇంకొక ముప్పు నెత్తురులోనే కూర్చుని ఉంది. ఐర్లాండు నుంచి వచ్చిన డీర్‌పార్క్ ఇంప్రూవర్ అనే షార్ట్‌హార్న్ ఆంబోతు సంతానం వెంట్రుకతో, కండతో ప్రదర్శనల్లో మెరిసింది. ఆ నెత్తురు షార్ట్‌హార్న్ దాటి మెయిన్-ఆంజూ వంటి జాతులలోకీ, వాటి సంకరాలలోకీ పాకింది. 1990ల చివరికి వెనుకకాళ్ల ఎముకలు మెలితిరిగి, లేవలేని దూడలు పుట్టడం గుర్తించారు. టిబియల్ హెమిమీలియా అని దాని పేరు. ఊపిరితిత్తులు ఎదగక, ఒళ్లంతా నీరు పట్టి పుట్టే జబ్బు మరొకటి. రెండూ అంతర్గత జన్యువుల వల్లనే. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జోనాథన్ బీవర్ బృందం 2000ల దశకంలో ఈ రెంటికీ జన్యుపరీక్షలు రూపొందించింది.

ఈ చరిత్ర అంతటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇక్కడే. సంకరం చేయడానికి చెప్పే కారణాలలో ముఖ్యమైనది, వేర్వేరు జాతులలో వేర్వేరు దోషాలుంటాయి కనుక ఒకదాన్నొకటి కప్పేస్తాయని. ఆ మాట నిజమే. కానీ ఆవు తల్లివైపునా, ఆంబోతు తండ్రివైపునా మూడు నాలుగు తరాల వెనుక ఒకే పేరున్న తాత ఉంటే? కాగితం మీద రెండు జాతులు, నెత్తురులో దగ్గరి చుట్టాలు. కాలింగ్ సోదరులు తెలిసి చేసిన పనిని ఇరవయ్యో శతాబ్దపు రైతు సంకరం చేస్తున్నాననుకుంటూ తెలియకుండా చేశాడు. ఫ్యాషన్ అందరినీ ఒకే ఆంబోతు దగ్గరికి నడిపించినప్పుడు, సంకరం అన్న పేరు ఎవరినీ కాపాడలేదు.

పరీక్ష వచ్చాక కథ సుఖాంతమైందని అనలేను. వాహకమైన ఆంబోతును దోషంలేని ఆవుతో కలిపితే రోగగ్రస్తమైన దూడ పుట్టదు. సగం దూడలు మాత్రం వాహకాలవుతాయి. పుట్టినది కోడె అయితే దాని నెత్తురు కబేళాతో ఆగిపోతుంది. అందుకే తెలిసి కూడా వాహకాలను వాడే పెంపకందారులు ఉన్నారు. లెక్క ప్రకారం అందులో తప్పులేదు. పుట్టినది పెయ్య అయి, అందంగా ఉందని మందలో నిలుపుకుంటేనే చిక్కు. పరీక్ష చేయించకుండా ఆ పెయ్యను పొరుగువాడికి అమ్మితే, కొన్నేళ్లకు ఏ తెల్లవారుజామునో అతడి కొట్టంలో లేవలేని దూడ పుడుతుంది. కారణం ఎవరికీ తట్టదు.

చదివినదంతా చూస్తే, ఎంపిక ఆంబోతు బొమ్మలతో కాక ఆవుతో మొదలుకావాలని తేలింది. ఆమె ఒంటి పరిమాణం ఎంత, ఎన్నోచూలు, ఆమె నెత్తుటి పరీక్షలో ఏముంది, ఆమెలో లోపించినదేమిటి. తొలిచూలైతే తేలికపాటి దూడలనిచ్చే ఆంబోతు. వాహకమైతే వాహకం కాని తండ్రి. ఆపైన ఆ ఆంబోతు దూడలు ఇతరుల మందల్లో ఎలా ఉన్నాయో విచారించడం. బేక్‌వెల్ అద్దెపొట్టేళ్లతో చేసినదీ, మన ఊరి పెద్దలు ఆంబోతు వెనుక తిరిగే దూడలను చూసి చేసినదీ ఇదే. గొట్టం ఆ దూడలను మన కంటికి దూరం చేసింది. పరీక్షాకాగితం కొంతవరకే వాటిని దగ్గర చేస్తుంది.

ఆ కుర్రవాడి కోడెకు ఆ రోజు బహుమతి రాలేదు. వాడు దాని మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. నేను తండ్రి గురించే అడిగాను. ఇంటి దగ్గర దానికి అక్కచెల్లెళ్లు ఎన్ని ఉన్నాయో, వాటిని ఏం చేయబోతున్నారో అడగాలని అప్పుడు నాకు తోచలేదు.

మీ ఊళ్లో ఆంబోతును వదిలేటప్పుడు పెద్దలు ఏమేం చూసేవారో ఎరిగినవారుంటే తెలియజేయండి. ఆ తరం వెళ్లిపోతోంది.