ప్రజ్ఞను కొలుచు కొలబద్ద

ధర్మవరమునుండి బెంగుళూరునకు పోవు రైలు పెనుకొండ, హిందూపురము దాటిన పిదప కన్నడసీమలో ప్రవేశించును. పట్టుచీరల మూటలతో పోవు వ్యాపారుల నడుమ ఆ బండిలో అప్పుడప్పుడు వేరొక పనిమీద పోవు తలిదండ్రులును ఉందురు. వెంట ఎనిమిది, పదియేండ్ల బిడ్డ. "వీనికి చదువు ఎక్కుటలేదు, ఎవరికైనను చూపించుడు" అని బడిలో చెప్పియుందురు. బెంగుళూరులో ఒక ప్రైవేటు మనస్తత్వ శాస్త్రజ్ఞుని గదిలో ఆ బిడ్డను ప్రశ్నలడిగి, చిత్రములు చూపి, కొయ్యబిళ్ళలు పేర్పించి, కడకు ఒక నివేదిక వ్రాసి యిత్తురు. అందులో తలిదండ్రుల కన్ను మొదట పడునది ఒక అంకెమీద. ఆ అంకె పుట్టిన కథ పెద్దది.

ఫ్రాన్సుదేశమున 1882లో ప్రాథమిక విద్య నిర్బంధమైనది. అంతవరకు బడిముఖము చూడని పిల్లలందరు తరగతులలోనికి వచ్చిరి. వారిలో ప్రత్యేకముగా బోధింపవలసిన వారెవరో తేల్చు మార్గము వెదకుటకై 1904లో ప్రభుత్వము ఒక సంఘమును నియమించినది. ఆ సంఘమున సభ్యుడైన ఆల్ఫ్రెడ్ బినే, సిమోన్ అను యువవైద్యునితో కలిసి 1905లో ముప్పది చిన్న పరీక్షలను కూర్చెను. 1908లో వాటిని వయస్సుల వారీగా అమర్చెను. ఎనిమిదేండ్ల పిల్లలు సాధారణముగా చేయగలిగిన పనులను ఒక బిడ్డ చేయగలిగినచో, వాని మానసిక వయస్సు ఎనిమిది. జర్మనీలో స్టెర్న్ 1912లో ఈ మానసిక వయస్సును అసలు వయస్సుతో భాగించెను. అమెరికాలో టెర్మన్ 1916లో ఆ భాగఫలమును నూరుతో హెచ్చించెను. పదేండ్ల బిడ్డకు మానసిక వయస్సు ఎనిమిదైనచో ప్రజ్ఞాలబ్ధి 80. ఇంతే లెక్క, ఐదవ తరగతి విద్యార్థి కూడ చేయవచ్చును.

బినేకు కావలసినది ఈ లెక్క కాదు. వెనుకబడిన బిడ్డను గుర్తించుట వానికి సాయపడుటకేనని అతని తలంపు. ప్రజ్ఞ మారని రాశి యనువారితో అతడు వాదించెను. మందగించిన పిల్లల అవధానమునకు, జ్ఞాపకశక్తికి పదును పెట్టు అభ్యాసములను సైతము సూచించెను. 1911లో అతడు మరణించెను. పిమ్మట కొలబద్ద ఇతరుల చేతికి పోయినది. గాడర్డ్ అను అమెరికను దానిని న్యూయార్కు రేవులోని ఎల్లిస్ ద్వీపమున అప్పుడే ఓడ దిగిన వలసదారులపై 1913లో ప్రయోగింపజేసెను. ప్రయాణపు బడలిక తీరని వారిని, దుబాసీల మూలముగా ప్రశ్నించి, వారిలో నూటికి ఎనుబదిమంది మందబుద్ధులని 1917లో ప్రకటించెను. భాష రానివాడు తెలివిలేనివాడైనాడు! 1928 నాటికి గాడర్డ్ తన మునుపటి అభిప్రాయములను చాలవరకు విడిచిపెట్టెను గాని, అప్పటికి జరుగవలసిన హాని జరిగిపోయినది.

మన దేశమున ఈ పరీక్షలను దేశభాషలలోనికి తెచ్చు ప్రయత్నము త్వరలోనే మొదలైనది. లాహోరులో హెర్బర్ట్ రైస్ 1922లో బినే పరీక్షను ఉర్దూ, పంజాబీ పిల్లలకు అనువుగా మార్చెను. మైసూరు విశ్వవిద్యాలయమున 1924లో మనస్తత్వశాస్త్ర శాఖ వెలసినది. లండనులో స్పియర్‌మన్ వద్ద శిక్షణ పొందిన ఎం. వి. గోపాలస్వామి దానికి అధ్యక్షుడు. 1934లో వి. వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లలకై చేసిన సవరణమే బినే-కామత్ పరీక్ష. తొంబదియేండ్లు గడచినను నేటికిని చాల గదులలో బల్లమీదికి వచ్చునది అదే.

ఇక్కడనే చిక్కున్నది. హిందూపురపు బిడ్డ ఇంట తెలుగు మాట్లాడును, బజారులో కన్నడము వినును, బడిలో ఇంగ్లీషు చదువును. కన్నడ, మరాఠీ పిల్లలపై స్థిరపరచిన ప్రశ్నను పరీక్షకుడు అప్పటికప్పుడు తెలుగుచేసి అడిగినచో, ప్రశ్న కఠినత మారిపోవచ్చును. కాలము తెచ్చు మార్పు మరియొకటి. తరతరమునకు పిల్లల మార్కులు పెరుగుచున్నవని 1984లో జేమ్స్ ఫ్లిన్ అమెరికా లెక్కలతో చూపెను. పదేండ్లకు సుమారు మూడు పాయింట్లు. పాత ప్రమాణముతో కొలిచినచో నేటి బిడ్డకు ఎక్కువ అంకె రావచ్చును. సాయము నిజముగా కావలసిన బిడ్డ "బాగానే యున్నాడు" అనిపించుకొని తిరిగిరావచ్చును. భాషవలన తగ్గి, కాలమువలన పెరిగి, రెండు తప్పులును ఒకే కాగితముమీద కూర్చుండవచ్చును.

అందుచేత మంచి పరీక్షకుడు ఒక్క పరీక్షతో తృప్తిపడడు. మాటల అవసరము తక్కువగా నుండు సెగాన్ ఫలకమును, 1938లో రేవన్ రూపొందించిన ఆకృతుల పరీక్షను తోడు తెచ్చుకొనును. బిడ్డ తానే అన్నము తినునా, బట్టలు తొడుగుకొనునా, అంగడికి పోయి చిల్లర లెక్కించునా యని తల్లి నడిగి సాంఘిక పరిపక్వతను కొలుచును. ఇవి అడుగకమునుపే కాన్పు ఎట్లు జరిగినది, మాటలు ఎప్పుడు వచ్చినవి, మూర్ఛలున్నవా అని విచారించును. చూపు, వినికిడి పరీక్షలైనవా యని మొదటనే అడుగును. నల్లబల్ల కనబడక వెనుకబడిన పిల్లలు ఎందరో! ఈ గదిలో సూదిమందులు లేవు, భయపడవలసిన యంత్రములు లేవు. బిడ్డ అలసినచో మరునాటికి వాయిదా వేయుటయు కలదు. ముందురోజు ఇంట బట్టీ పట్టించినచో పరీక్షయే చెడును.

ఈ వృత్తికి మన దేశమున శిక్షణ బెంగుళూరులోనే వేళ్ళూనినది. 1954లో స్థాపితమైన అఖిలభారత మానసిక ఆరోగ్య సంస్థ మరుసటి యేడు వైద్య మనస్తత్వ శాస్త్రమున డిప్లొమా నారంభించినది. 1974లో అది మానసిక వైద్యశాలతో కలిసి నిమ్హాన్స్ ఐనది. 1992నాటి చట్టము ప్రకారము చికిత్సా మనస్తత్వ శాస్త్రజ్ఞులు భారత పునరావాస మండలి పట్టికలో నమోదు కావలెను. ఆ నమోదు సంఖ్యను, మొత్తము రుసుమును, పరీక్ష ఏ భాషలో జరుగునో ముందుగా అడుగుట తలిదండ్రుల హక్కు. అడిగినందుకు నొచ్చుకొను పరీక్షకుని వద్దకు పోనక్కరలేదు. నివేదికలో వాడిన పరీక్షల పేర్లు, తేదీ, భాష ఉండవలెను. దానిని చదువు ఉపాధ్యాయుడు అంకెకంటె ముందు ఆ పంక్తులను చూడవలెను.

2016నాటి వికలాంగుల హక్కుల చట్టము బుద్ధిమాంద్యముతోపాటు, తెలివియుండియు చదువుట, వ్రాయుట పట్టుబడని ప్రత్యేక అభ్యసన వైకల్యమును కూడ గుర్తించినది. పరీక్షలలో అదనపు సమయము వంటి సౌకర్యములకు సాధారణముగా ధ్రువపత్రము అడుగుదురు. ప్రైవేటు నివేదిక ఆ ధ్రువపత్రము కాదు. దానిని ఇచ్చు అధికారము ప్రభుత్వము నియమించిన వైద్యాధికారులది. బెంగుళూరునుండి తెచ్చిన కాగితమును వారికి చూపవచ్చును. వారు బిడ్డను మరల పరీక్షింపవచ్చును.