సంధిపత్రానికెక్కిన రామగిరి

రామగుండం ఎన్టీపీసీ జ్యోతినగర్ టౌన్‌షిప్‌లో ఉండేవాళ్ళకు శీతాకాలపు సెలవు దొరికితే ముందుగా గుర్తొచ్చేది వరంగల్, లేకపోతే హైదరాబాద్. గోదావరిఖని, ఎనిమిదో ఇంక్లైన్, సెంటినరీ కాలనీ దాటి మంథని వైపు వెళ్తుంటే బేగంపేట ఊరి మీదుగా లేచిన పెద్ద గుట్ట మాత్రం చాలామందికి బస్సు కిటికీలోంచి కనిపించి వెనక్కి పోయే దృశ్యమే. ఆ గుట్ట మీదే రామగిరి ఖిల్లా ఉంది. ఒకనాడు సబ్బినాటికి రాజధాని. గోల్కొండకూ మొగలాయీలకూ కుదిరిన సంధిలో పేరు పెట్టి మరీ రాసుకున్న దుర్గం.

రాజు, మంత్రి, కవి

ఇప్పటి పెద్దపల్లి, కరీంనగర్ ప్రాంతాలకు పాత పేరు సబ్బినాడు. కాకతీయుల కాలంలో ఈ సీమ వారి ఏలుబడిలో ఉండేది. ఓరుగల్లు పడిపోయాక 15వ శతాబ్ది తొలినాళ్ళలో రామగిరి రాజధానిగా ముప్పభూపాలుడు పాలించాడు. ఆయన మంత్రి కందనామాత్యుడికే మడికి సింగన తన పద్మపురాణోత్తరఖండాన్ని అంకితమిచ్చాడు. సింగన కూర్చిన మరో గ్రంథం సకలనీతిసమ్మతం. అప్పటికి ప్రచారంలో ఉన్న నీతిశాస్త్ర గ్రంథాల నుంచి పద్యాలు ఏరి ఒకచోట పేర్చిన సంకలనమది. వాటిలో కొన్ని మూల గ్రంథాలు ఆ తర్వాత పూర్తిగా నశించాయి. సింగన ఏరిపెట్టిన పద్యాల వల్లే వాటి జాడ మనకు మిగిలింది. తెలుగులో తొలి సంకలనకర్తల్లో ఒకడైన కవిని ఆదరించిన ఘనత ఈ గుట్ట నీడలోని కొలువుకు దక్కుతుంది.

1656: పెళ్ళికి ఇచ్చిన కోట

బహమనీల తర్వాత రామగిరి కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. గోల్కొండ వజీరు మీర్‌జుమ్లాకూ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షాకూ చెడింది. మీర్‌జుమ్లా మొగలాయీల పక్షం చేరాడు. అదే సాకుగా దక్కను సుబేదారు ఔరంగజేబు తన పెద్ద కొడుకు మహమ్మద్ సుల్తాన్‌ను సేనతో పంపాడు. 1656 జనవరిలో హైదరాబాద్ నగరం కొల్లబోయింది. ఫిబ్రవరి మొదట్లో గోల్కొండ కోటకు ముట్టడి పడింది. రాజ్యం మొత్తాన్నీ కలిపేసుకోవాలన్నది ఔరంగజేబు పట్టుదల. ఢిల్లీ నుంచి షాజహాన్ ఆపమని ఆజ్ఞాపించడంతో మార్చి 30న ముట్టడి ఎత్తేయక తప్పలేదు.

సంధిలో అబ్దుల్లా భారీ సొమ్ము చెల్లించడానికి ఒప్పుకున్నాడు. తన రెండో కూతుర్ని మహమ్మద్ సుల్తాన్‌కిచ్చి పెళ్ళి చేశాడు. దాంతోపాటు రామగిరి కోటనూ దాని కింది సీమనూ మొగలాయీలకు వదులుకున్నాడు. మొగలాయీ చరిత్రల్లో ఆ సీమ పేరు రామ్‌గిర్. అందులో గోదావరి అవతలి చెన్నూరు ప్రాంతం కూడా ఉంది. ఇంత సీమకు పేరు పెట్టింది ఈ కోటే. గోదావరి తీరాన గోల్కొండ ఉత్తరపు కాపలా దీంతో చెదిరిపోయింది. 31 ఏళ్ళకు, 1687లో, గోల్కొండే ఔరంగజేబు వశమైంది. ఈ కోట కట్నంగా అందిన అల్లుడికి మాత్రం అదేమీ అచ్చిరాలేదు. షాజహాన్ కొడుకుల వారసత్వ యుద్ధంలో పెదనాన్న షూజా పక్షాన చేరినందుకు తండ్రే అతణ్ని ఖైదు చేయించాడు. ఏళ్ళ తరబడి చెరలో మగ్గి 1676లో మహమ్మద్ సుల్తాన్ చనిపోయాడు.

గుట్ట ఎక్కితే

రామగుండం ఎండలు రాష్ట్రమంతా ఎరిగినవే. వేసవిలో ఈ రాళ్ళ మీద అడుగు మోపలేం. శ్రావణంలో భక్తులు, ఔషధ మొక్కల కోసం వచ్చేవాళ్ళు ఎక్కువ. వానకు తడిసిన రాయి జారుతుంది కూడా. కోటను తీరిగ్గా చూడాలంటే డిసెంబరు, జనవరి నెలలే మంచివి. దారి పొడవునా దర్వాజాలు, బురుజులు, కూలిన ప్రాకారాలు ఎదురవుతాయి. పైన కొలనులు, సీతారాముల గుడి ఉన్నాయి. వనవాసంలో రాముడు ఇక్కడ ఆగాడని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చెప్పుకుంటారు.

స్పెయిన్‌లో మాడ్రిడ్‌కు దగ్గర్లో తొలెదో నగరం ఇలాగే కొండ మీద ఉంది. మూడు వైపులా తాహో నది చుట్టి పారుతుంది. విసిగోతులు, అరబ్బులు, 1085 తర్వాత క్రైస్తవ రాజులు దాన్ని ఏలారు. 1986లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. మాడ్రిడ్‌లో పొద్దున రైలెక్కినవాళ్ళు అది చూసి సాయంత్రానికి తిరిగొస్తారు. చేతులు మారిన ప్రతి కాలాన్నీ ఆ ఊరు దాచుకుని, వచ్చినవారికి చూపిస్తుంది. మన రామగిరికీ అలా చేతులు మారిన చరిత్ర ఉంది. దాన్ని చూపే ఏర్పాటే కావాలి.

అందుకు కోట్లు కుమ్మరించక్కర్లేదు. గుట్ట కింద తెలుగులో ఒక చరిత్ర ఫలకం, దారి చూపే గుర్తులు, ప్రమాదకరమైన చోట పట్టుకోడానికి కమ్మీలు, తాగునీరు, చెత్త వేసే తొట్లు చాలు. కూలుతున్న గోడలకు మరమ్మతులు మాత్రం పురావస్తు నిపుణుల చేతుల మీదుగానే జరగాలి. సింగరేణి, ఎన్టీపీసీ ఈ నేల బొగ్గు మీద నిలబడ్డ సంస్థలు. ఈ నేల చరిత్రను నిలబెట్టే పనిలో ప్రభుత్వంతో కలిసి రావడం వాటికి భారం కాదు, బాధ్యత.

పాఠకులకు ఒక మనవి. ఈ చలికాలం వెళ్ళండి, పిల్లల్ని తీసుకెళ్ళండి. నీళ్ళు, తిండి వెంట ఉంచుకోండి. తెలిసిన స్థానికుణ్ని తోడు పెట్టుకోండి, పొద్దు వాలకముందే దిగిపోండి. మొక్క పీకొద్దు, గోడ మీద పేరు చెక్కొద్దు.